వాలి చితా, ఆవుల దొడ్డా? బూడిద దిబ్బల లెక్క

హంపీ వెళ్ళే మనవాళ్ళు విరూపాక్షుడి గోపురం, రాతి రథం చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. ఆ దగ్గర్లోనే నింబాపురం అనే చిన్న ఊరుంది. అక్కడ ఒక బూడిద దిబ్బ ఉంది. "ఇది వాలి చితాభస్మం. రాముడు చెట్టుచాటు నుంచి బాణం వేసి చంపిన వాలిని ఇక్కడే దహనం చేశారు" అని చెబుతారు. హంపీయే కిష్కింధ అని నమ్మేవారికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? కళ్ళెదురుగా బూడిద ఉంది కదా!

బళ్ళారి నుంచి హోస్పేట వెళ్ళే దారిలో కుడితిని దగ్గర ఇలాంటిదే ఇంకో దిబ్బ ఉంది. అక్కడి కథ రామాయణంలోంచి కాదు, భారతంలోంచి. భీముడు చంపిన హిడింబాసురుడి బూడిద అట అది. మరికొన్ని దిబ్బలు ఋషులు యజ్ఞాలు చేసిన చోట్లట. అంటే బూడిద ఒకటే, సొంతదారులు ముగ్గురు. నేను ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఒకే సరుకు మూడు ఖాతాల్లో కనబడితే మేము చేసే మొదటి పని, ఖాతా పుస్తకాలు పక్కన పెట్టి గోడౌనుకు వెళ్ళి సరుకును తూచి చూడటం. ఈ బూడిద విషయంలో అదే పని కొందరు నిజంగా చేశారు. ఆ చరిత్ర మన హేతువాదులకు కూడా అంతగా తెలియదు. అందుకే ఈ వ్యాసం.

ముందు సరుకు ఏమిటో చూద్దాం. ఇలాంటి దిబ్బలు దక్కన్‌లో వందకు పైగా గుర్తించారు. బళ్ళారి, రాయచూరు, గుల్బర్గా ప్రాంతాల్లో ఎక్కువ. మన వైపు అనంతపురం, కర్నూలు, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఉన్నాయి. కొన్ని నడుమెత్తు ఉంటాయి, కొన్ని రెండంతస్తుల మేడంత ఉంటాయి. తవ్వితే మెత్తటి తెల్లబూడిద పొర ఒకటి, దాని కింద గట్టిగా, బుడగలు బుడగలుగా, గాజులా మెరిసే చిట్టెం పొర ఒకటి, మళ్ళీ మెత్తటి పొర. కమ్మరి కొలిమి దగ్గర ఇనుప చిట్టెం చూసినవాళ్ళు ఇదీ అదేననుకుంటారు. ఆ పోలిక చాలామందిని తప్పుదారి పట్టించింది.

పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లదొరలు ఈ దిబ్బల గురించి రాయడం మొదలుపెట్టారు. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న న్యూబోల్డ్ 1843లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఊరివాళ్ళు చెప్పే రాక్షసుల కథలను కూడా ఆయన నమోదు చేశాడు. చూసినవాళ్ళు తలొక మాట అన్నారు. అగ్నిపర్వతం కక్కిన బూడిద అన్నారు, సున్నపు బట్టీలన్నారు, లోహం కరిగించిన కొలిములన్నారు. 'విస్మృత సామ్రాజ్యం' రాసిన రాబర్ట్ సెవెల్ ఉన్నాడే, విజయనగర చరిత్రకు ఆద్యుడని మనం గౌరవించే పెద్దమనిషి, ఆయన 1899లో ఇంకో సిద్ధాంతం చెప్పాడు. విజయనగర కాలంలో యుద్ధాల తరవాత జరిగిన సామూహిక దహనాల, సతీసహగమనాల చితులు కావచ్చని ఆయన ఊహ. వినడానికి ఎంత గంభీరంగా ఉంది! రాక్షసుణ్ణి తీసేసి రాజును పెట్టాడంతే.

విచిత్రమేమిటంటే, సెవెల్ కంటే ముందే సరైన జవాబు అచ్చులో ఉంది. రాబర్ట్ బ్రూస్ ఫూట్ భూగర్భ సర్వేలో పనిచేసిన మనిషి. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో పాత రాతియుగపు గొడ్డలిని గుర్తించి, భారతదేశపు చరిత్రపూర్వ యుగ పరిశోధనకు తెర తీసినవాడు. ఆయన ఈ దిబ్బల దగ్గర నూరిన రాతి గొడ్డళ్ళు, చేతితో చేసిన కుండపెంకులు ఏరాడు. ఇది కాలిన పశువుల పేడ అని, ఆఫ్రికాలో ముళ్ళకంప దడి కట్టి పశువుల్ని తోలే దొడ్ల లాంటివి ఇక్కడ ఉండేవని 1880ల్లోనే రాశాడు. పేడా? ఇంత పెద్ద కొండ పేడదా? చాలామందికి నమ్మబుద్ధి కాలేదు. పాండిత్యం ఉన్నవారికి సతీసహగమనం నమ్మశక్యంగా తోచింది గానీ పేడ తోచలేదు. ఈ బలహీనత భక్తులకే కాదు, చదువుకున్నవారికీ ఉంటుంది.

సరే, ఇప్పుడు నా వృత్తి నేర్పిన పని చేస్తాను. ఇది ముతక అంచనా, ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. నాటు ఆవు రోజుకు సుమారు పది కిలోల పేడ వేస్తుంది. మందలో రెండు వందల పశువులున్నాయనుకోండి. రోజుకు రెండు టన్నులు. పగలు మేతకు వెళతాయి కాబట్టి సగమే దొడ్లో పడుతుంది, ఒక టన్ను. ఏడాదికి 365 టన్నులు. ఎండితే అయిదో వంతు మిగులుతుంది, 73 టన్నులు. కాలిస్తే అందులో నాలుగో వంతు బూడిద, దాదాపు 18 టన్నులు. నూరేళ్ళు ఇలా సాగితే 1800 టన్నులు. ఘనపు మీటరుకు టన్ను చొప్పున వేసి కుప్ప పోస్తే, అడుగున ముప్పై మీటర్ల వెడల్పు, ఏడు మీటర్లకు పైగా ఎత్తు ఉన్న దిబ్బ అవుతుంది. మూడు నాలుగు తరాల పశువుల కాపరులకు ఇది మామూలు పని. అద్భుతం ఏమీ లేదు.

ఇదే దిబ్బను చితుల లెక్కలో వేయండి. ఒక మనిషి శవం కాలితే మిగిలేది రెండు మూడు కిలోలు. కట్టెల బూడిద కూడా కలిపి చితికి పది కిలోలు అనుకుందాం. 1800 టన్నుల దిబ్బకు లక్షా ఎనభై వేల చితులు కావాలి. అదీ ఒక్క దిబ్బకు! వంద దిబ్బలకు ఒక కోటీ ఎనభై లక్షలు. సెవెల్ దొరగారు ఈ గుణకారం చేసి ఉంటే ఆ వ్యాసం రాసేవాడు కాదేమో. ఇక వాలి ఒక్కడి శరీరం అంటారా, ఆయన ఎంత బలశాలి అయినా నా కాలిక్యులేటర్‌కు అందడు.

లెక్క సరిపోయినంత మాత్రాన నిరూపణ అయిపోదు. పద్దు కుదిరింది, వోచరు కావాలి. మొదటి వోచరు సూక్ష్మదర్శిని ఇచ్చింది. పొలంలో గడ్డి దూస్తే చేయి ఎందుకు కోసుకుంటుంది? గడ్డి ఆకుల్లో కంటికి కనబడని సిలికా రేణువులుంటాయి, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఆవు గడ్డిని అరిగించుకుంటుంది గానీ ఆ రేణువుల్ని అరిగించుకోలేదు. అవి పేడలోకి వచ్చేస్తాయి. ఒక్కో జాతి గడ్డిలో వాటికి ఒక్కో ఆకారం. ఆ పేడను కాల్చినప్పుడు, మొక్కల్లోని పొటాషు లాంటి క్షారాలు సిలికాను తక్కువ వేడికే కరిగిస్తాయి. గాజు తయారుచేసేవాడు ఇసుకలో సోడా కలిపేది ఇందుకే. లోహం లేకుండానే గాజులాంటి చిట్టెం ఎలా వచ్చిందన్న చిక్కు దీనితో విడిపోయింది. లండన్‌లోని పురావస్తు సంస్థలో పనిచేసిన ఫ్రెడరిక్ జాయ్నర్ 1950ల చివర్లో కుడితిని దిబ్బ నమూనాలను పరీక్షించి, ఇది కాలిన పశువుల పేడేనని తేల్చాడు. ఫూట్ మాటకు దాదాపు డెబ్భై ఏళ్ళ తరవాత ప్రయోగశాల సంతకం పడింది.

రెండో వోచరు మన తెలుగు నేలలోంచే వచ్చింది. ఊరి పేరు ఉట్నూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే ఇంగ్లీషు పురాతత్వవేత్త అక్కడి బూడిద దిబ్బను తవ్వాడు. అంతకుముందు రాయచూరు వైపు పిక్లిహాల్‌లో తవ్విన అనుభవం ఆయనకుంది. ఉట్నూరు నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అచ్చు వేసింది. 1963లో ఆయన దక్కన్ బూడిద దిబ్బల మీద కేంబ్రిడ్జి నుంచి పుస్తకం తెచ్చాడు.

పొరలు పొరలుగా తవ్వుకుంటూ వెళితే అక్కడ బయటపడింది నిధి నిక్షేపాలు కాదు. భూమిలో వరసగా గుంటలు, అంటే ఒకప్పుడు గుంజలు పాతిన గుర్తులు. కర్ర ఎప్పుడో కాలిపోయింది, కుళ్ళిపోయింది. గుంట మాత్రం వేరే రంగు మన్నుతో నిండి అలాగే మిగిలింది. ఆ వరసను అనుసరిస్తూ పోతే దడి ఆకారం తేలింది. తాటిజాతి చెట్ల మొద్దులు పాతి కట్టిన దడి. లోపల పశువులకు చోటు, చుట్టూ మనుషులకు చోటు. దడి కాలింది. దాని బూడిద మీదే మళ్ళీ దడి కట్టారు. మళ్ళీ కాలింది, మళ్ళీ కట్టారు. అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఒక పొర మీద పశువుల గిట్టల అచ్చులు దొరికాయి! మెత్తటి బూడిద మీద ఆవులు, ఎద్దులు నడిచిన గుర్తులు. ఆ పైన ఇంకో పొర పడి వాటిని కప్పేసింది. నాలుగు వేల ఏళ్ళు ఎవరూ కదపలేదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులో దొరుకుతుంది? రాక్షసుడి చితి మీద ఆవుల మందను తోలారని ఏ పురాణం చెప్పలేదు కదా.

మా ఆఫీసులో లెడ్జరు పేజీలు చింపడం నేరం. నేలపొర అలాంటి పేజీయే. కిందది ముందు రాసింది, పైది తరవాత రాసింది. మధ్యలో ఎవరైనా గొయ్యి తవ్వి కలిపేస్తే ఆ దిద్దుబాటు కూడా కనబడుతుంది. పురాతత్వవేత్తలు వస్తువుల కంటే పొరల గీతలను ఎక్కువ జాగ్రత్తగా గీసుకోవడానికి కారణం ఇదే. ఎవరో "మా పొలంలో దొరికింది" అని తెచ్చిచ్చిన రాతి గొడ్డలి అందంగానే ఉంటుంది గానీ అది వోచరు లేని బిల్లు.

కాలం సంగతి కూడా అప్పుడే తేలింది. రేడియోకార్బన్ పద్ధతిని విల్లర్డ్ లిబ్బీ 1940ల చివర్లో కనిపెట్టాడు, 1960లో నోబెల్ అందుకున్నాడు. ఉట్నూరు బొగ్గు బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలకు వెళ్ళింది. క్రీ.పూ. 2000కు ముందటిదని తేలింది. విజయనగరం పుట్టింది క్రీ.శ. 1336లో. తేడా మూడువేల మూడు వందల ఏళ్ళ పైచిలుకు. సతుల సిద్ధాంతం అక్కడితో సమాప్తం. వాటి అడుగు పొరల్లో ఇనుము లేదు. ఉన్నవి నూరిన రాతి గొడ్డళ్ళు, చిన్న రాతి పలుగులు, చేతి కుండలు. అంటే కొలిముల వాదన కూడా పోయింది.

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు పాలవాయిలో వి. రామిరెడ్డి గారు పరిశోధన చేశారు. అన్నిటిలోకి పెద్ద పని మాత్రం గుల్బర్గా జిల్లా బూదిహాళ్‌లో జరిగింది. పుణె దక్కన్ కళాశాలకు చెందిన కట్రగడ్డ పద్దయ్య గారు 1989 నుంచి కొన్నేళ్ళపాటు అక్కడ తవ్వించారు. అంతకుముందు తవ్వినవాళ్ళ దృష్టి ఎక్కువగా దిబ్బ మీదే ఉండేది. ఈయన దిబ్బ పక్కన మనుషులెక్కడ బతికారో వెతికారు. ఇళ్ళ ఆనవాళ్ళు దొరికాయి, చెకుముకి రాతి పనిముట్లు చేసిన చోటు దొరికింది, కుండల్లో పెట్టి పూడ్చిన పసిపిల్లల సమాధులు దొరికాయి. దీనితో ఆల్చిన్ చెప్పిన దాంట్లో ఒక భాగం మారింది. ఆల్చిన్ ఇవి మేతకోసం ఋతువును బట్టి వచ్చిపోయే కాపరుల దొడ్లన్నాడు. బూదిహాళ్ చూస్తే అది పక్కా ఊరు. దొడ్డి ఊళ్ళో భాగం. దొడ్లో పేడ ఎత్తి పక్కన పోశారు, ఆ కుప్పను కాల్చారు. ఆల్చిన్‌ను కాదన్నందుకు పద్దయ్య గారిని ఎవరూ వెలివేయలేదు. పురాణానికీ పరిశోధనకూ తేడా ఇక్కడే కనిపిస్తుంది.

బూదిహాళ్‌లో ఇంకొకటి దొరికింది, చెబితే కొందరికి కోపం వస్తుంది. జంతువులను కోసిన నేల. చదునుచేసిన చోట ఎముకల గుట్టలు, కోతకు వాడిన రాతి పనిముట్లు. ఎముకల్లో మూపురం ఉన్న మన పశువులవే ఎక్కువ. అంటే ఈ నేల మీద ఆవును మొదట పెంచినవాళ్ళే ఆవు మాంసం తిన్నారు. వాళ్ళే మూపురం ఎద్దు బొమ్మల్ని మట్టితో చేసుకున్నారు. బళ్ళారి పక్కన కుప్గల్ కొండ మీద పొడవాటి కొమ్ముల ఎద్దుల్ని రాళ్ళ మీద చెక్కారు. ఆదరించడం, తినడం రెండూ ఒకే చేతితో చేశారు. ఇప్పటి రాజకీయాలకు ఇది ఏ పక్షంలోనూ ఇమడదు. "అనాదిగా మన దేశంలో" అని మొదలుపెట్టే ఉపన్యాసాలు విన్నప్పుడు, ఆ అనాది ఏ పొరలో ఉందో అడగాలని నాకు అనిపిస్తుంటుంది.

ఇక అసలు చిక్కు. పేడ అని తేలింది. ఎందుకు కాల్చారు? పేడ ఎరువు, పిడక వంటచెరకు. ఆస్తిని ఎవరైనా తగలబెడతారా? ప్రమాదవశాత్తు అనుకుందామంటే ఒక్కసారి కాదు, ఒకే చోట తరతరాలుగా కాలింది. ఈగలు, పురుగులు, పశువుల జాడ్యాలు పోవడానికి కాల్చారని కొందరు, అడవి మృగాలు రాకుండా మంట పెట్టారని కొందరు అన్నారు. ఆల్చిన్ మాత్రం పండుగ అన్నాడు. సంక్రాంతి, హోలీ, దీపావళి మంటలకు మూలం ఇక్కడుందన్నాడు. మనకు భోగి మంట ఉంది, అందులో పిల్లలు పిడకల దండ వేయడమూ ఉంది. కర్ణాటకలో సంక్రాంతినాడు ఇప్పటికీ పశువుల్ని మంట మీదుగా దాటిస్తారు. పోలిక కళ్ళకు కడుతుంది. కానీ మధ్యలో నాలుగు వేల ఏళ్ళున్నాయి. ఆ నాలుగు వేల ఏళ్ళ వోచర్లు ఏవి? ఉట్నూరు మంటనుంచి మన భోగి మంటకు గీత గీసేవాడు, నింబాపురం నుంచి వాలికి గీత గీసేవాడికంటే చదువుకున్నవాడే గానీ, గీత గీసే పద్ధతిలో పెద్ద తేడా లేదు. ఒప్పుకోవడానికి కాస్త కష్టమైనా ఈ మాట అనక తప్పదు.

బతికున్నవాళ్ళను చూసి చచ్చినవాళ్ళ గురించి ఊహించడం ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు పనికిరాదు? దీనికి గోదావరి అవతల బస్తర్ మంచి ఉదాహరణ. 1927 నుంచి 1931 వరకు బస్తర్ సంస్థానానికి పాలనాధికారిగా ఉన్న గ్రిగ్సన్ 1938లో మారియా గోండుల మీద పుస్తకం ప్రచురించాడు. ఈయనే తరవాత హైదరాబాదు సంస్థానంలోనూ పెద్ద ఉద్యోగం చేశాడు. మారియాలు చనిపోయినవారికి నిలువురాళ్ళు పాతుతారు. మన తెలంగాణ పల్లెల పక్కన రాక్షస గుళ్ళు అని పిలిచే బృహత్ శిలా సమాధులు ఎవరు ఎందుకు కట్టారో అడగడానికి మనిషి లేడు. బస్తర్‌లో రాయి పాతే మనిషినే "ఎందుకయ్యా" అని అడగవచ్చు. అతను చెబుతాడు. అలాగే అబూజ్‌మాడ్‌లో కొండ మారియాలు పెండా సాగు చేసేవారు. అడవి కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లేవారు. ఆ పనికి ముందు దేవతకు మొక్కేవారు కూడా. నాలుగు వేల ఏళ్ళ తరవాత ఎవరైనా ఆ బూడిద పొరను తవ్వితే ఒకడు "వ్యవసాయం" అంటాడు, ఇంకొకడు "ఆచారం" అంటాడు, ఇద్దరూ పోట్లాడుకుంటారు. కాల్చిన మనిషికి అవి రెండు వేరు వేరు పనులే కావు. పంటకోసం కాల్చాడు, మొక్కి కాల్చాడు.

బూడిద దిబ్బల విషయంలోనూ "పండుగా, పారిశుద్ధ్యమా" అన్న ప్రశ్నే సరిగ్గా లేదేమోనని నా అనుమానం. 2004లో పీటర్ జొహాన్సెన్ అనే పరిశోధకుడు, ఈ దిబ్బలను కావాలనే ఎత్తు పెంచుకుంటూ పోయిన కట్టడాలుగా చూడాలని వాదించాడు. ఊరికి గుర్తుగా, మాకింత మంద ఉంది అని పది ఊళ్ళకు కనబడేలా. ఇది నాకు కొంత నచ్చింది. మన ఊళ్ళో పెద్ద గడ్డివాము ఉన్న ఇంటికి ఉండే పరువు లాంటిదన్నమాట. అయినా ఇదీ వాదనే. లెక్కల్లో మాకు సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఆధారం దొరకని మొత్తాన్ని అందులో ఉంచుతాం. దాన్ని ఎవరి పేరునో రాసేయడం తప్పు, మాయం చేయడమూ తప్పు. ఎందుకు కాల్చారన్నది ఇంకా ఆ ఖాతాలోనే ఉంది. "సైన్సుకు కూడా తెలియదు కదా, కాబట్టి వాలి" అనేవారికి నా సమాధానం ఒకటే. ఏది కాలిందో తెలిసింది, ఎప్పుడు కాలిందో తెలిసింది, దాని మీద ఏ జంతువు నడిచిందో తెలిసింది. ఒక్క పద్దు మిగిలిందని మొత్తం లెడ్జరు హిడింబుడికి రాసివ్వలేం.

ఆ పద్దు ఎప్పటికైనా తేలాలంటే సరుకు మిగిలి ఉండాలి. రైతుకు ఈ దిబ్బ ఉచితంగా దొరికే ఎరువు. ఎన్నో దిబ్బలు బండ్ల మీద, తరవాత ట్రాక్టర్ల మీద పొలాలకు వెళ్ళిపోయాయి. రైతును తప్పు పట్టను, అతనికి ఎవరూ చెప్పలేదు. గ్రానైటు క్వారీల సంగతి వేరు. కుప్గల్, సంగనకల్లు కొండల మీద రవి కోరిశెట్టర్, నికోల్ బోయివిన్, డోరియన్ ఫుల్లర్ బృందం పనిచేసింది. ఉలవలు, పెసలు, అండుకొర్రల గింజలు కాలిన రూపంలో అక్కడ దొరికాయి. దక్కన్‌లో తొలి పంటలేమిటో వాటినుంచే తెలిసింది. మన ఉలవచారుకు అంత వయసుందన్నమాట! ఆ బృందం పని చేస్తున్న రోజుల్లోనే పక్కన రాయి కొట్టడం వల్ల కొండకు ముప్పు ఉందని వాళ్ళు రాయవలసి వచ్చింది. తరవాత బళ్ళారిలో ఫూట్ పేరు మీద పురావస్తు ప్రదర్శనశాల ఏర్పడింది. వీలైతే హంపీ దారిలో ఒక పూట దానికి కేటాయించండి.

అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు మిత్రులకు ఒక మనవి. మీ ఊరి పక్కన బూడిద గుంట, బూడిద తిప్ప అనే పేరుతో ఏదైనా ఉంటే వెళ్ళి చూడండి. బుడగలున్న గాజు చిట్టెం, తెల్లటి మెత్తటి పొర, చుట్టుపక్కల నూరిన రాతి గొడ్డలి ముక్కలు కనబడితే అది ఇదే కావచ్చు. ఏదీ ఏరుకుని ఇంటికి తేవద్దు. ఫొటో తీయండి, సర్వే నంబరు రాసుకోండి, మీ రాష్ట్ర పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాసి నకలు దాచుకోండి.